నాలుగు రకాల పడకపోవడం

నేను యూనివర్సిటీ స్థాయిలో ఇమ్యునాలజీ బోధించాను. ఆరు నెలల పాటు, ఒక్క రోజు సెలవు పెట్టకుండా. నా దగ్గర చదువుకున్న విద్యార్థులు నూటికి నూరు శాతం పాసయ్యారు. ఈ మాట జగ్గయ్యపేటలో పొద్దున్నే మేం నలుగురం చేరే టీ కొట్టు దగ్గర చెప్పాను. నందిగామ వెళ్ళే బస్సులో పక్క సీటాయనకు చెప్పాను. పరిటాలలో బంధువుల పెళ్ళికి వెళ్ళి, రెండో పంక్తిలో కూర్చుని, పెరుగన్నం వచ్చేలోగా ఇద్దరికి చెప్పాను. ఎక్కడా ఎవరూ కాదనలేదు. కాదనాలంటే ముందు ఇమ్యునాలజీ అంటే ఏమిటో తెలియాలి కదా.

రాయడానికి కూర్చుంటే మాత్రం కాస్త భయం వేస్తోంది. టీ కొట్టు దగ్గర అన్న మాట గ్లాసు కడిగేలోగా పోతుంది. కాగితం మీద పెట్టింది ఇంట్లోవాళ్ళు చదువుతారు. అందుకని వాళ్ళు తగ్గించకముందే నేనే కొంత తగ్గించుకుంటాను. విద్యార్థులు అన్నది గౌరవ బహువచనం. ఉన్నది ఒక్కరే, మా కోడలు. యూనివర్సిటీ అన్నది మా ఇంటి ముందు వరండా. రేకుల కప్పు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక మడత మంచం. ఆరు నెలల సంగతి తర్వాత చూద్దాం. అన్నీ ఒకేసారి ఒప్పుకుంటే మనిషికి ఏం మిగులుతుంది.

ఈ శాస్త్రంలో నా అర్హత కూడా చెప్పాలి. ముప్పై ఏళ్ళకు పైగా పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా పనిచేశాను. ఊళ్ళల్లో డాక్టరుగారూ అని పిలిచేవారు, నేను దిద్దలేదు. గేదెలకు గాలికుంటు టీకా, గొంతువాపు టీకా, కోళ్ళకు కొక్కెర టీకా. వత్సవాయి చుట్టుపక్కల నా సూది తినని గేదె లేదని చెప్పుకునేవాణ్ణి. నిజానికి సగం గేదెలు నన్ను చూడగానే చెరువులోకి దిగిపోయేవి. టీకా లోపలికి వెళ్ళాక ఏం చేస్తుందో నాకు ఎప్పుడూ తెలియలేదు. సూది దిగాక గేదె ఏం చేస్తుందో మాత్రం బాగా తెలుసు. నా విద్యంతా ఆ కాలికి అందకుండా పక్కకు తప్పుకోవడంలోనే గడిచింది.

మా కోడలిది వత్సవాయి. ఇంటర్ దాకా తెలుగు మీడియం. తర్వాత మైక్రోబయాలజీలో డిగ్రీ, ఎమ్మెస్సీ. ఎమ్మెస్సీ మధ్యలో పెళ్ళయింది. చివరి పరీక్షలు అన్నీ రాసింది గానీ, ఇమ్యునాలజీ పేపరు రోజున పరీక్ష హాల్లో ఉండాల్సిన మనిషి కాన్పు గదిలో ఉంది. ఆ తర్వాత రెండుసార్లు రాసింది. రెండుసార్లూ కొద్ది మార్కుల్లో పోయింది. పాపని స్కూల్లో వేశాక నందిగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ల్యాబులో చేరింది. లెక్చరరుగా కాదు. సూక్ష్మజీవుల్ని పెంచే ప్లేట్లు పోయడం, స్లైడ్లు సర్దడం, సీసాలు కడిగి ఆరబెట్టడం. పాఠం చెప్పేది ఇంకో మేడమ్.

ఆ మేడమ్ భర్తకు బదిలీ అయింది. వేసవి తర్వాత ఆవిడ రాదు. ప్రిన్సిపాల్ మా కోడలిని పిలిచి, ఎమ్మెస్సీ పాస్ సర్టిఫికెట్ తెస్తే జూన్ నుంచి ఆ క్లాసు నీదేనమ్మా అన్నాడు. తేలేకపోతే వేరేవాళ్ళని చూసుకుంటామన్నాడు. సరిగ్గా ఆ వారమే యూనివర్సిటీ నుంచి ఇంకో కబురు వచ్చింది. ఆమె బ్యాచ్ వాళ్ళకు ఇదే ఆఖరి అవకాశం, ఈసారి తప్పితే ఎమ్మెస్సీ మొత్తం మళ్ళీ మొదటి నుంచీ చదువుకోవాలి. అంటే డిగ్రీ, ఉద్యోగం రెండూ ఒక్క పేపరు మీద ఉన్నాయి.

"ఈసారి పోతే ఇంక నాకు సీసాలేనండి మావయ్యగారూ," అంది. నవ్వుతూనే అంది. నవ్వు సగంలో ఆగిపోయింది.

నన్ను బోధకుడిగా ఎలా నియమించారంటే, ఖాళీగా ఉన్నది నేనొక్కణ్ణే. మా అబ్బాయికి సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు. మా ఆవిడకు వంటిల్లు, మనవరాలు. మా కోడలికి పైకి చెబితే గాని ఏదీ బుర్రకెక్కదు, చెప్పడానికి ఎదురుగా ఒక మనిషి ఉండాలి. ముందు గోడకు చెప్పి చూసిందట. గోడ మధ్యలో ఆపి అడగదు. సాయంత్రం నందిగామ నుంచి బస్సు దిగి వచ్చి, మొహం కడుక్కుని, స్పైరల్ బైండింగ్ చేయించిన జిరాక్సు నోట్సు నా చేతిలో పెట్టేది. తను అటూ ఇటూ నడుస్తూ చెబుతుంది. నేను నోట్సు మీద వేలు పెట్టి ఆ మాటల వెంట పోవాలి. ఎక్కడ ఏది వదిలేస్తే అక్కడ దగ్గాలి. ఇదీ నా బోధన. దగ్గు మాత్రం పూర్తిగా నా సొంతం.

టీ కొట్టు దగ్గర ఈ సంగతి కొంచెం వేరేగా చెప్పాను. రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మిత్రుడొకడు ఉన్నాడు, వాడికి ప్రతిదానికీ రుజువు కావాలి.

"ఏం చెప్తన్నావురా ఇంతకీ ఆ అమ్మాయికి?" అన్నాడు.

"రోగం వచ్చినప్పుడు ఒంట్లో ఎవరెవరు లేస్తారో, ఎవరెవరు పోట్లాడతారో అంతా."

"నిన్న ఏం చెప్పావో చెప్పు."

నిన్న చెప్పింది నాకు ఇంకా నోరు తిరగలేదు. టీ చల్లారిపోతోందన్నాను.

"నువ్వు ఆ అమ్మాయికి చెప్తన్నావా, ఆ అమ్మాయి నీకు చెప్తందా?" అన్నాడు. అదొక్కటే ఆ కొట్టు దగ్గర నాకు ఎదురైన అసలు ప్రశ్న. దానికి నేను వాడి టీ డబ్బులు కూడా ఇచ్చి లేచానని ఇక్కడ రాసి పెడుతున్నాను.

మొదటి పాఠమే నాకు నచ్చింది. శరీరానికి అన్నిటికంటే ముందు తెలియాల్సింది ఏది తనది, ఏది పరాయిది అన్న సంగతట. తనదాన్ని ముట్టుకోకూడదు, పరాయిదాన్ని వదలకూడదు. ఈ కాపలా కాసే కణాలకు ఛాతీలో ఒక గ్రంథి ఉందట, అక్కడ శిక్షణ ఇస్తారట. తనవాళ్ళ మీదకే ఎగబడే కణం ఏదైనా ఉంటే దాన్ని అక్కడే చంపేస్తారట.

"అక్కడే చంపేయడమేంటి, ఫెయిలైనోళ్ళని ఇంటికి పంపరా?" అన్నాను.

"పంపరండి. సప్లిమెంటరీ కూడా లేదు."

గడప దగ్గర బియ్యం ఏరుతున్న మా ఆవిడ తల ఎత్తకుండా అడిగింది. "మరి పరాయిది ఎన్నాళ్ళుంటే తనదవుద్దమ్మాయ్?"

"అవదండి అత్తయ్యగారూ. మందులేసి ఓర్చుకునేలా చెయ్యాలంతే. కిడ్నీ మార్పించుకున్నోళ్ళు జీవితాంతం మందులు మింగుతానే ఉండాలి."

"నయం. మీ మావయ్య వాళ్ళమ్మ నన్ను పదేళ్ళు మందుల్లేకుండానే ఓర్చుకుంది."

మా కోడలు నడక ఆపింది. "కడుపులో బిడ్డ కూడా సగం పరాయిదేనంటండి. తండ్రి తాలూకు సగం. అయినా తల్లి ఒళ్ళు దాన్ని తరమదు. ఎందుకు తరమదో పూర్తిగా తెలియదని నోట్సులో ఉంది."

"ఆ నోట్సు రాసినాయన్ని ఒకసారి నా దగ్గరికి పంపు," అని మా ఆవిడ చేట దులిపింది.

ఇంకో రోజు పాఠం జ్ఞాపకం గురించి. ఒకసారి చూసిన సూక్ష్మజీవిని శరీరం గుర్తు పెట్టుకుంటుందట. మొదటిసారి మెల్లగా, తడబడుతూ పోట్లాడుతుంది. రెండోసారి అదే వస్తే ఆయుధాలన్నీ సిద్ధంగా ఉంటాయి. అందుకే టీకా ఒకసారి వేసి ఊరుకోరు, రెండో మోతాదు వేస్తారు. నేను దగ్గడం మర్చిపోయాను. ముప్పై ఏళ్ళలో ఎంతమంది రైతులు నన్ను ఇదే అడిగారో. మొన్నేగా పొడిచారు, మళ్ళీ ఎందుకండీ అని గేదె పలుపు గట్టిగా పట్టుకుని అడిగేవారు. పైనుంచి ఆర్డరు అనేవాణ్ణి. పైనుంచి అన్నాక ఎవరూ మాట్లాడరు. వాళ్ళకు చెప్పగలిగిన జవాబు ఒకటి ఉందని, అది ఇంత తేలికైనదని మా ఇంటి వరండాలో, నా కోడలి నోట తెలిసింది. ఆ రోజు ఆమె రెండు వాక్యాలు వదిలేసినా నేను పట్టుకోలేదు.

అసలు చిక్కు నాలుగో యూనిట్‌లో వచ్చింది. దాని పేరు హైపర్ సెన్సిటివిటీ. హాని లేనిదాన్ని చూసి కూడా కాపలా కణాలు రభస చేయడం, ఆ రభసలో మన ఒంటికే దెబ్బ తగలడం. మా కోడలు పోయినసారి దెబ్బతిన్నది ఈ ప్రశ్న దగ్గరే. నమ్మకం కుదరక జవాబు పత్రం జిరాక్సు తెప్పించుకుంది. అందులో ఒక పేజీన్నర మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి ఉంది. ఆ పేజీన్నరలో ఆమె రాసింది పాలు పడకపోవడం గురించి. వాళ్ళ అమ్మకు పాలు పడవు. తాగితే కడుపు ఉబ్బి, రెండు రోజులు మనిషి మనిషి కాదు. చిన్నప్పటి నుంచీ చూసింది కాబట్టి అలర్జీకి ఉదాహరణగా అమ్మనే రాసింది.

"పాలు పడవంటే అలర్జీయే గదండీ?" అంది ఆ గీత చూపిస్తూ.

"అలర్జీ కాకపోతే మరేంటి?"

"కాదంటండి. పాలల్లో ఉండే చక్కెర అరిగించే సరుకు పేగులో లేకపోతే అట్లా అవుద్దంట. అది అరుగుదల గొడవ. కాపలా కణాలకి దాంతో సంబంధమే లేదంట. పుస్తకం తీసి చూస్తే తెలిసింది."

నేను ఆలోచించాను. తప్పు పిల్లది కాదు, మాటది. మన దగ్గర 'పడదు' అన్న ఒక్క మాటతో అన్ని పనులూ జరిగిపోతాయి. పాలు పడవు. పెన్సిలిన్ పడదు. కొత్త ఊరి నీళ్ళు పడవు. చలిగాలి పడదు. తోడికోడళ్ళకు పడదు. ఆస్పత్రికి వెళ్ళినా, పెద్దమనుషుల దగ్గరకు వెళ్ళినా చెప్పేది ఇదే మాట. ఇంగ్లీషువాడు దీన్ని నాలుగైదు ముక్కలు చేసి, ముక్కకో పేరు పెట్టి, పేరుకిన్ని మార్కులని పెట్టాడు. పైగా పాలు పడకపోవడానికి వాడు లాక్టోజ్ ఇన్‌టాలరెన్స్ అని పేరు పెట్టి, అందులో 'టాలరెన్స్' అన్న మాట ఒకటి ఇరికించాడు. శరీరం తనవాళ్ళని ఓర్చుకోవడానికి కూడా మొదటి యూనిట్‌లో అదే మాట. తెలుగు మీడియం పిల్ల అక్కడ పడకపోతే ఇంకెక్కడ పడుతుంది.

ఇక్కడ నా ప్రతిభ పనికొచ్చింది. ఎంత తగ్గించినా ఈ ముక్క నిజం. హైపర్ సెన్సిటివిటీ నాలుగు రకాలు. ఆ నాలుగూ మా బంధువుల్లో ఉన్నాయని కనిపెట్టింది నేను.

"రాసుకో," అన్నాను. "మొదటి రకం మా పెద్దక్క. మొదటిసారి ఏమన్నా ఊరుకుంటది, మనసులో పెట్టుకుంటది. రెండోసారి అదే మాట అన్నామా, నిమిషాల్లో మొహం ఎర్రబడి, కళ్ళ నీళ్ళు, ముక్కు నీళ్ళు. ఇంటిల్లిపాదికీ ఊపిరాడదు."

"కరెక్టేనండి. మాస్ట్ కణాలు పగిలి హిస్టమిన్ వచ్చుద్ది."

"రెండో రకం మా బాబాయి. మధ్యవర్తుల్లేరు, కబురు పంపడాల్లేవు. నేరుగా ఎదుటోడి ఇంటి మీదకి పోయి తలుపు పగలగొడతాడు."

"గ్రూపు కలవని రక్తం ఎక్కిస్తే అంతేనండి. యాంటీబాడీలు నేరుగా పోయి కణాన్నే పగలగొడతాయి."

"మూడో రకంలో ఇద్దరుంటారు. ఇద్దరూ కలబడి, ఒకళ్ళనొకళ్ళు వదలకుండా దొర్లుకుంటా పోయి, సంబంధం లేని మూడోవాడి వాకిట్లో పడతారు. పగిలేది వాడి కుండలు."

ఆమె నవ్వింది. "ఆ మూడోవాడు కిడ్నీ అండి. కీళ్ళు కూడా."

"నాలుగోది మీ అత్తయ్య వాళ్ళన్న. పెళ్ళిలో ఏమీ అనడు. భోంచేస్తాడు, తాంబూలం తీసుకుంటాడు, ఫొటో దిగుతాడు. మూడో రోజు పొద్దున్నే ఫోనొస్తది."

"మా అన్నయ్య ఫోను మీరెప్పుడు ఎత్తారు గనక," అంది మా ఆవిడ లోపల్నుంచి.

ఆ సాయంత్రం మా కోడలు నాలుగు రకాలూ ఒక్క దమ్మున చెప్పింది. నేను ఒక్కసారి కూడా దగ్గలేదు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆ ఊపులోనే పాడు చేశాను.

అమ్మ ఉదాహరణ పోయినసారి దెబ్బకొట్టింది కాబట్టి, ఈసారి అసలైన అలర్జీ మనిషి ఒకరు కావాలనుకుంది. కళ్ళతో చూసిన మనిషైతే హాల్లో మర్చిపోదట.

"మీకు వంకాయ పడదు గదా మావయ్యగారూ. తింటే ఏమవుద్దండి?"

నలభై ఏళ్ళుగా నాకు వంకాయ పడదు. ఇంట్లో అది వండిన రోజు నాకు విడిగా ఇంకో కూర ఉంటుంది. పెళ్ళిళ్ళలో వడ్డించేవాళ్ళకు మా ఆవిడే ముందుగా చెప్పి వస్తుంది. అయినా తింటే ఏమవుతుందని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఇప్పటికి ఒకరు అడిగారు, అదీ చేతిలో పెన్ను పట్టుకుని. నేను ఊరుకోగలనా.

"పెదాలు ఇంతింత వాస్తాయి," అన్నాను.

"ఎంతసేపటికండి?"

"ముద్ద మింగేలోపు."

"ఊపిరి?"

"ఆడదు."

"దద్దుర్లు?"

"వస్తాయి. మూడో రోజుకి వస్తాయి, వారం ఉంటాయి."

ఆమె రాస్తూ ఆగింది. "అసలు మొదటిసారి ఎప్పుడు తిన్నారండి?"

"చెవిటికల్లులో, మీ అత్తయ్య వాళ్ళింట్లో. కొత్తగా పెళ్ళయినప్పుడు. అంతకుముందు జన్మలో ముట్టలా."

"మొదటి ముద్దకే వచ్చిందా?"

"మొదటి ముద్దకే. చచ్చి బతికా."

వంటింటి కిటికీలో మా ఆవిడ మొహం కనిపించింది. ఏమీ అనలేదు. మా ఆవిడ ఏమీ అనలేదంటే నేను అక్కడే ఆగి ఆలోచించాల్సింది.

మర్నాడు మా కోడలు వరండాలో నడవలేదు. నోట్సు నాకివ్వకుండా తనే పెట్టుకుని ముందుకీ వెనక్కీ తిప్పింది. ఆ మర్నాడూ అంతే. కాలేజీ లైబ్రరీ నుంచి రెండు లావుపాటి పుస్తకాలు మోసుకొచ్చింది. పరీక్షకు తొమ్మిది రోజులుంది. ఇంకో యూనిట్ మొత్తం మిగిలే ఉంది. మూడో రోజు సాయంత్రం పుస్తకాలు మూసి మంచం మీద పెట్టింది.

"మీది ఏ రకమో తేలట్లేదండి," అంది. "మొదటి రకమైతే మొదటిసారికి రాకూడదు. ఒళ్ళు దాన్ని ముందొకసారి చూసి ఉండాలి. మీకేమో మొదటి ముద్దకే వచ్చింది. పోనీ నాలుగోదనుకుంటే మింగేలోపు పెదాలు వాయకూడదు. మేడమ్‌ని అడగడానికి సిగ్గేసింది. ఇంట్లో కళ్ళ ముందున్న మనిషిది ఏ రకమో చెప్పలేకపోతే నాకీ సబ్జెక్టు రానట్టేగదండీ. రెండుసార్లు పోయింది ఊరికే పోలేదు. ఇంక వెళ్ళనులేండి."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఆరిన బట్టలు తీయడానికి లేచినట్టు మామూలుగా లేచింది. ల్యాబు సబ్బునీళ్ళకు ఆమె వేళ్ళ చివర్లు తోలు లేచి తెల్లగా ఉన్నాయి. అవి నేను ప్రతిరోజూ చూస్తున్నవే. ఆ పూట చూడలేకపోయాను.

"కూర్చోమ్మా," అన్నాను. "నాకు వంకాయ పడదన్నది అబద్ధం."

"ఏంటండీ?"

"పడుద్దో పడదో నాకు తెలీదు. ఇష్టం లేదు. అంతే."

జరిగిందేమిటంటే, నేను కొత్త అల్లుడిగా చెవిటికల్లు వెళ్ళినప్పుడు కృష్ణ ఒడ్డున వాళ్ళ చేలో వంకాయ విరగకాసి ఉంది. మూడు రోజుల్లో ఆరు పూటలు. వేపుడు, పులుసు, పచ్చడి, గుత్తి వంకాయ, మళ్ళీ వేపుడు. ఆరో పూట నోరు తెరిచాను. ఇష్టం లేదంటే అత్తగారు నొచ్చుకుంటుంది. పడదంటే ఎవరూ నొచ్చుకోరు, పైగా జాలిపడతారు. పడదన్నాను. ఆ పూట నా కోసం కోడిని కోశారు. అంత పని చేసిన మాటని ఎవరైనా వెనక్కి తీసుకుంటారా.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మా ఆవిడ గడప దగ్గరకు వచ్చి నిలబడింది.

"నలభై ఏళ్ళు," అంది. "వంకాయ కోసినప్పుడల్లా రెండు కూరలు. జ్వరంతో లేచిన రోజు కూడా రెండు కూరలు."

"నీకు చెబుదామనే అనుకున్నా."

"నాకు ఆ పూటే తెలుసు. ఐదు పూటలు మారు వడ్డించుకున్న మనిషికి ఆరో పూట ఎట్లా పడకుండా పోద్ది? ఎప్పుడు చెబుతారా అని చూశా. చెప్పలా. వండా."

మా కోడలు మాత్రం ఇదేమీ వినడం లేదు. రెండు పుస్తకాల మీదా చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"అయితే నాకు సబ్జెక్టు వచ్చండి," అంది మెల్లగా. "మీది ఏ రకంలోనూ పట్టకపోవడమే కరెక్టు."

తర్వాతి ఆదివారం ఇంట్లో ఒకటే కూర. గుత్తి వంకాయ. మా ఆవిడ వడ్డించింది, మా కోడలు ఫోన్లో టైము పెట్టి ఎదురుగా కూర్చుంది. ఐదు నిమిషాలకు పెదాలు చూసింది. పావుగంటకు మణికట్లు చూసింది. రెండు రోజులాగి మళ్ళీ చూసింది, అది నాలుగో రకం కోసమట. నోట్సు అంచున ఏదో రాసుకుంది. ఏమిటమ్మా అంటే "కంట్రోల్ అండి" అంది. ప్రయోగంలో ఏమీ జరగకూడని సీసా ఒకటి పక్కన పెడతారట, మిగతా సీసాల్లో జరిగింది నిజంగానే జరిగిందని తెలియడానికి. ముప్పై ఏళ్ళ సర్వీసు తర్వాత ఆ సీసా పదవి నాకు దక్కింది. కూర బాగుందన్న సంగతి నేను బయటపెట్టలేదు. రెండోసారి వడ్డించమనడం బయటపెట్టడం కిందకు వస్తుందో లేదో చదివేవాళ్ళే చెప్పాలి.

పరీక్ష నందిగామలోనే, ఇంకో కాలేజీలో. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. నేనూ వెంట వెళ్ళాను. బస్సు చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కాక ఆమె నోట్సు తెరవబోయింది, వద్దన్నాను. "పెద్దక్కగారు, బాబాయిగారు, కుండలు, అత్తయ్యగారి అన్నగారు," అని వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. వెనక సీటావిడ మమ్మల్ని శుభలేఖలు పంచడానికి పోతున్నవాళ్ళనుకుని ఉంటుంది.

గేటు బయట మూడు గంటలూ ఎండలో నిలబడ్డానని తర్వాత అందరికీ చెప్పాను. నిలబడింది పది నిమిషాలు. మిగతాదంతా ఎదురుగా జ్యూసు కొట్టులో ఫ్యాను కింద. అయితే ఆ ఫ్యాను కింద కూడా నాకు చెమటలు పోశాయి, అది ఎవరూ చూడలేదు గనక రాసుకుంటున్నాను. ఒంటిగంటకు ఆమె వచ్చింది. చేతిలోని ప్రశ్నపత్రం లాక్కుని వెతికాను. నాలుగో యూనిట్‌లో పైనే ఉంది, హైపర్ సెన్సిటివిటీ రకాలు ఉదాహరణలతో వివరించమని. మిగతా పేపరంతా నాకు గోడ మీద గీతల్లాగే ఉంది గానీ ఆ ఒక్క మాట మాత్రం పాత స్నేహితుడిలా కనిపించింది.

"వచ్చిందిగా," అన్నాను.

"వచ్చిందండి," అంది.

ఇంకేం అడగాలి. జ్యూసు తాగించి బస్సెక్కించాను.

ఫలితం రావడానికి ఎండాకాలం సగం పట్టింది. వచ్చిన రోజున ల్యాబు నుంచే ఫోను చేసింది, నాకు కాదు, మా ఆవిడకు. మా ఆవిడ ఫోను పెట్టేసి, కళ్ళు తుడుచుకుని, ఉల్లిపాయలు కోస్తున్నానంది. చేతిలో ఉల్లిపాయలు లేవు. జూన్‌లో ప్రిన్సిపాల్ మాట నిలబెట్టుకున్నాడు. మా కోడలు ఇప్పుడు అదే గదిలో నల్లబల్ల వైపు నిలబడుతోంది.

ఇక మిగిలింది ఆ ఆరు నెలల లెక్క. నోటిఫికేషన్‌కూ పరీక్షకూ మధ్య ఉన్నదే నలభై రోజులు. అందులో నేను కుర్చీలో కూర్చున్నవి ఇరవై సాయంత్రాలు. వాటిలో మూడు నా వంకాయకు పోయాయి. ఇంత తగ్గించాక కూడా ఒక్కటి మాత్రం నేను తగ్గించను. నాలుగో యూనిట్ ప్రశ్నకు ఆమె రాసిన జవాబులో చెయ్యి ఆమెది, మాట నాది. పెద్దక్కా, బాబాయీ, కుండలూ, బావగారూ లేకపోతే ఆ మార్కులు లేవు, ఆ మార్కులు లేకపోతే ఆ క్లాసు లేదు.

ఇంతవరకూ రాసి, శాస్త్రం మాటలు ఎక్కడైనా తప్పు పోయాయేమో చూడమని ఇవాళ పొద్దున మా కోడలి చేతిలో పెట్టాను. బస్సుకు టైమవుతోంది. భుజాన బ్యాగుతో నిలబడే చదివింది. చివరి పేజీ రెండుసార్లు చదివింది.

"మాటలన్నీ సరిగ్గానే ఉన్నయ్యండి," అంది.

"మిగతాది?"

"మిగతాది కూడా బాగానే ఉంది. కానీ ఆ ప్రశ్న నేను రాయలేదు మావయ్యగారూ."

"అదేంటమ్మా. వచ్చిందన్నావుగా."

"వచ్చిందన్నా. రాశానన్లేదు. ప్రతి యూనిట్‌లో రెండిస్తారు, ఒకటి రాస్తే చాలు. మీ వాళ్ళు నలుగురూ బస్సులో వరసగానే ఉన్నారు, హాల్లోకి పోయాక కలిసిపోయారు. ఎవరు ఏ నంబరో గుర్తు రాలా, నవ్వు మాత్రం వచ్చింది. ఛాయిస్‌లో వదిలేశా." కాగితాలు నా చేతికిచ్చి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. "ఆ యూనిట్‌లో రెండో ప్రశ్న కాంప్లిమెంట్ సిస్టమ్ మీద. మేడమ్ క్లాసులో చెప్తంటే ల్యాబు తలుపు దగ్గర నిలబడి మూడేళ్ళు విన్నా. అది రాశా. అదీ నేను పాసైంది."